డ్రైవరు వెనక మొదటి సీటు

“ఆ సీట్లో వద్దు మాస్టారూ. గ్లాసు అటుపక్క సీట్లో పెట్టుకోండి.”

మాస్టారికి ఒళ్ళు మండింది. ఇరవై ఏడేళ్ళుగా ఆయన పెద్ద బండి నడపడం నేర్పుతున్నాడు. డ్రైవరు వెనక మొదటి సీట్లో స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి పెట్టడం ఆయన పద్ధతి. బస్సు ఆగినప్పుడు చుక్క తొణకకూడదు. తొణికితే పాఠం మళ్ళీ మొదటికే. అందుకే అందరూ ఆయన్ని గ్లాసు మాస్టారంటారు. అలాంటిది, చేరి నాలుగు రోజులైనా కాని మనిషి ఆ గ్లాసుకే చోటు మార్చమంటోంది!

“ఇరవై ఏడేళ్ళుగా అది అక్కడే ఉందమ్మా. మీకోసం లేవదు,” అన్నాడు.

ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. నలభై ఎనిమిదేళ్ళుంటాయి. చిన్న బండి లైసెన్సు నాలుగు దండయాత్రలు చేసి సంపాదించిందట. ఎదురుగా లారీ వస్తే గుడ్లప్పగించి చూస్తుంది, లేదా కళ్ళే మూసేసుకుంటుంది.

“మీరు కళ్ళు మూసుకుంటే లారీ మాయమైపోతుందా?” అన్నాడు మాస్టారు ఓ రోజు. “అసలు మీకు బండి నడపడం ఇష్టమేనా?”

“ఇష్టం లేదు మాస్టారూ. చచ్చేంత భయం. కానీ ఈ నెలాఖరులోగా నేర్చుకుని తీరాలి.”

“నెలాఖరుకి ఏం ముంచుకొస్తోంది?”

ఆవిడ గేరు మార్చింది. అదీ తప్పు గేరే.

పాఠం మొదలయ్యే ముందు ఆవిడ రోజూ ఒక కాగితం తీసి ఎదుటి అద్దం అంచున దోపుకునేది. ఒకరోజు బ్రేకు కుదుపుకి గ్లాసులో నీళ్ళూ, ఆ కాగితమూ ఒకేసారి మాస్టారి ఒళ్ళో పడ్డాయి. తిట్టబోయి, కాగితం చూసి ఆగాడు. బడి నోటుబుక్కులోంచి చింపినది. వంకాయ రంగు సిరాతో గుండ్రటి అక్షరాలు.

‘పద్దెనిమిది: చిన్న బండి లైసెన్సు.

ఇరవై ఒకటి: పెద్ద బండి లైసెన్సు.

ఇరవై మూడు: బస్సు డ్రైవరు ఉద్యోగం.

ఇరవై ఐదు నిండేలోపు: అమ్మని డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చోబెట్టుకుని సముద్రం దాకా.’

“బళ్ళో రాయించింది,” అంది ఆవిడ, కాగితం తీసుకుని తడి అద్దుతూ. “ఊరికే కలలు కంటే సరిపోదు, ఏ వయసుకి ఏం చేస్తారో రాసుకోండి అన్నారట టీచరు.”

మాస్టారి కోపం చల్లారిపోయింది. చిన్ననాటి ముచ్చట పెళ్ళి కిందా, సంసారం కిందా, ఇస్త్రీపెట్టె కిందా ముప్పై ఏళ్ళు నలిగి, ఇప్పటికి బయటపడిందన్నమాట. ఇన్నేళ్ళైనా సిరా వెలిసిపోలేదు, ఎంత భద్రంగా దాచుకుందో పాపం అనుకున్నాడు. ఆ సీటు ఎవరికోసమో కూడా అర్థమైంది.

మర్నాటి నుంచి గ్లాసు అటుపక్క సీట్లోకి మారింది.

“దుప్పటి మీంచి ఇస్త్రీపెట్టె ఎలా తీస్తారు?” అని అడిగాడు.

“తియ్యబోయే ముందు బరువు తగ్గిస్తాను మాస్టారూ. లేకపోతే ముడత పడుతుంది.”

“బ్రేకూ అంతే. ఆగబోయే ముందు కాలు బరువు తగ్గించండి.”

ఆ రోజు మొదటిసారి గ్లాసులో నీళ్ళు గ్లాసులోనే ఉన్నాయి.

పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి, నెలాఖరు ఇంకా మూడు రోజులుందనగా, పాసైంది. తోటివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆవిడ మెట్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. సంతోషం పట్టలేకపోతోంది అనుకున్నారందరూ.

పాసైనవాళ్ళకి మాస్టారు ఒకపూట బస్సు ఇస్తాడు. తనూ వెంట ఉంటాడు. వాళ్ళు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని నచ్చిన చోటికి తీసుకెళ్తారు. ఈలలూ కేకలతో బస్సు పెళ్ళివారి బస్సులా ఉంటుంది.

ఆవిడ మాత్రం ఒక్కతే వచ్చింది. తడిబట్టతో డ్రైవరు సీటు తుడిచింది. వెనక మొదటి సీటూ తుడిచింది.

“మీవాళ్ళేరమ్మా?”

“ఎవరూ రారు మాస్టారూ. వెళ్దాం.”

మాస్టారు వెనక్కి వెళ్ళి మూడో వరసలో కూర్చున్నాడు. అలవాటు కొద్దీ గ్లాసు మాత్రం పక్కన పెట్టుకున్నాడు. దారంతా ఎదురుగా ఆ ఖాళీ సీటే. లారీలు వచ్చాయి, పోయాయి. ఆవిడ కళ్ళు మూసుకోలేదు. మలుపులు, గతుకులు, చివర్లో దిగుడు రోడ్డు. సముద్రం ఎదురుగా బస్సు ఆగింది. ఆగినట్టే తెలియలేదు. చుక్క తొణకలేదు.

ఆవిడ ఇంజను ఆపింది. లేచి వచ్చి, ఇన్నాళ్ళూ గ్లాసుని కూడా ఉండనివ్వని ఆ సీట్లో తనే కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందుకే చూస్తూ ఉండిపోయింది.

మాస్టారికి ఇన్నేళ్ళ తన బస్సులో తన తల్లి ఒక్కసారైనా ఎక్కలేదని అప్పుడే గుర్తొచ్చింది. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

“మాట నిలబెట్టుకున్నారమ్మా. ఎక్కడున్నా చూసి సంతోషిస్తారు. మీ అమ్మగారు పోయి ఎన్నాళ్ళైంది?”

“మా అమ్మకేం మాస్టారూ, ఇంట్లో గుండ్రాయిలా ఉంది,” అంది ఆవిడ, ఖాళీ డ్రైవరు సీటు మీంచి చూపు తిప్పకుండా. “ఆ కాగితం రాసుకున్నది మా అమ్మాయి. బతికుంటే ఈ నెలాఖరుకి దానికి ఇరవై ఐదు నిండేవి.”