వడ్రంగిపిట్ట ముక్కు

ఆ అడవిలో అందరూ ఏటా తలా కొన్ని గింజలు పందికొక్కు కొట్లో వేసేవాళ్లు. కాలో రెక్కో చెడి పని చేసుకోలేనివాళ్లను ఆ కొట్టే సాకాలని కట్టుబాటు.

ముక్కు చీలిన వడ్రంగిపిట్ట వెళ్లి అడిగితే పందికొక్కు మొండిచెయ్యి చూపించింది. తగవు ఎలుగుబంటి దగ్గరికి వెళ్లింది.

"ఇదంతా నటన! మొన్న ఇది చెట్టు తొలుస్తుంటే నేను పంపిన తొండ కళ్లారా చూసింది," అంది పందికొక్కు.

వడ్రంగిపిట్టకు తల కొట్టేసినట్టయింది. తొలిచిన మాట నిజమే మరి.

అంతలో ఉడుత ముందుకొచ్చింది. "అయ్యా, నా పిల్ల తొర్రలో ఇరుక్కుంటే ఈ తల్లి చీలిన ముక్కుతోనే తొలిచి బయటికి తీసింది. కారిన నెత్తురు నేనే తుడిచాను. తొండ అది చూడలేదా?"

"చూశాను," అని తొండ తలూపింది. "తొలిచిందా లేదా అన్నదొక్కటే చెప్పమన్నారు."

ఎలుగుబంటి అప్పటికప్పుడే కొట్టు తెరిపించింది.

ఆ సాయంత్రం ఉడుత గింజలు మెత్తగా నలిపి నోటికందిస్తుంటే వడ్రంగిపిట్ట కళ్లు చెమర్చాయి.

"ఇంకా నొప్పిగా ఉందా?" అంది ఉడుత.

"నా నొప్పి నిజమేనని నలుగురిలో చెప్పావు చూడు ఉడుతక్కా, సగం అక్కడే పోయింది."