లోకనాథం పావురాలు

లోకనాథం బర్మా యుద్ధంలో చనిపోయాడని కబురొచ్చి నెల దాటింది. తిరుత్తణి దగ్గరి పల్లెలో, మిద్దె మీద అతను ముద్దుగా పెంచిన పావురాలను ఇప్పుడు భార్య పచ్చయమ్మే చూసుకుంటోంది. కొన్నాళ్లుగా పొద్దున లేచేసరికి ఒకటో రెండో తగ్గుతున్నాయి. మరిది జయరామ పట్టుకెళ్లి అమ్ముతున్నాడని ఆమె అనుమానం.

ఆ రాత్రి లాంతరు వత్తి తగ్గించి గూటి పక్కన నక్కి కూర్చుంది. కాసేపటికి చీకట్లో ఎవరో నాలుకతో టక్కుటక్కుమన్నారు. లోకనాథం వాటిని మేతకు పిలిచే తీరు అది.

"సిగ్గులేదా జయరామా? మీ అన్న పిలుపు గూడా నేర్చుకుంటివా?"

"నేను ఈడుండాను వదినా." గొంతు ఆమె వెనక, మెట్ల మీద నుంచి వచ్చింది. "నువ్వే అమ్ముతా ఉండావేమోనని చూసేదానికి వచ్చినా."

ఇద్దరూ ఆ పిలుపు వినిపించిన వైపు తిరిగారు. రాత్రిపూట కదలని పావురాలు ఒక్కొక్కటే గూట్లోంచి దిగి చీకటి మూలకు నడుస్తున్నాయి. అక్కడ నేల మీద గింజలు రాలుతున్న చప్పుడు.

"దీపం ఎత్తు వదినా," అన్నాడు జయరామ.

ఆమె ఎత్తలేదు. మొగుణ్ణి అడిగినట్టు మెల్లగా అడిగింది.

"వాటిని యాడికి తీస్కపోతా ఉండారు?"

గింజల చప్పుడు ఆగిపోయింది.