కుడి చెవి

ఎడమ చెవిలో శబ్దం టక్కున ఆగిపోయింది.

"అయ్యయ్యో! ఇప్పుడా నీ చావు!" అంటూ బెంచీ మీదే గెంతింది వాగుడుకాయ.

అది హాస్టల్లో స్నేహితురాళ్లు పెట్టిన పేరు. ఆమె దాన్ని బిరుదులాగే మోస్తోంది. ఇవాళ రేడియోలో ఫుట్‌బాల్ కామెంటరీకి ఎంపిక పరీక్ష. హెడ్‌ఫోన్స్ ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. లేకపోతే లోపలికే రానివ్వరు. ఆమె కంటే ముందు ఇంకా ఇద్దరే ఉన్నారు.

తీగను లాగింది, ఊపింది, ఊదింది, తిట్టింది. ఉలుకూ పలుకూ లేదు.

"ఇలా ఇవ్వమ్మా, చూద్దాం" అన్నాడు బెంచీ చివర కూర్చున్న పెద్దాయన.

ఒళ్లో పాత సంచి. మందపాటి కళ్లద్దాలు. కాస్త బొంగురు గొంతు.

"మీరు రిపేర్లు చేస్తారా, బాబాయ్?"

"తీగలతో పాత స్నేహంలే."

"ఇక్కడికి ఆ పని మీదే వచ్చారా?"

"కాదు. పాత రికార్డింగ్ ఒకటి ఉందేమోనని అడగడానికొచ్చా. ఎప్పుడో చెరిపేశారట."

ఆ మాట వినే ఓపిక ఆమెకెక్కడిది? చూపంతా తీగ మీదే ఉంది.

పెద్దాయన తీగను రెండు వేళ్లతో పట్టి, అంగుళం అంగుళం వంచుతూ వచ్చాడు. పిన్ను దగ్గరికి రాగానే ఆగాడు.

"ఇదిగో, ఇక్కడ లోపల తెగింది. వాడాక దీన్ని దేనికి చుడతావు?"

"ప్లేయర్‌కే. జారిపోకుండా, గట్టిగా."

"గొంతు పిసికేసి, పాట రావట్లేదంటే ఎలా? వేళ్లకు వదులుగా చుట్టి తీసి పెట్టుకో. ఊడదీసేటప్పుడు తీగ పట్టి లాగకు, పిన్ను పట్టుకో."

"లాగను! ఒట్టు! ముందు దీన్ని బతికించండి!"

సంచిలోంచి బ్లేడు, లైటరు, టేపు బయటికొచ్చాయి. తీగ కోసి తొక్క ఒలిచాడు. లోపల సన్నని పోగులు, కొన్ని ఎర్రవి, కొన్ని పచ్చవి, కొన్ని మామూలు రాగివి. చివరలను లైటరు మంటకు చూపించాడు.

"వీటి మీద కనపడని పూత ఉంటుంది. అది కాలకపోతే ఎంత మెలేసినా పలకవు."

భయమేస్తే ఆమెకు మాటలెక్కువ.

"మా గురువు కామెంటరీ ఇందులో ఉంది, బాబాయ్. మా అన్నయ్య ఎప్పుడో రేడియోలోంచి ఎక్కించుకున్నాడు. ఈ బుల్లి ప్లేయర్‌కి స్పీకర్ లేదు, ఈ తీగే దిక్కు. మూడేళ్లుగా రోజూ వింటున్నా!"

"ఏ మ్యాచ్?"

"పాత ఫైనల్! వానలో ఆడారే, అది! ఆఖరి నిమిషంలో గోల్!"

పెద్దాయన వేళ్లు క్షణం ఆగాయి.

"మా గురువు గొప్పతనమేంటో తెలుసా? మధ్యమధ్యలో 'ఏమంటారు?' అని అడిగి ఊరుకుంటాడు. జవాబు వినేవాళ్లకే వదిలేస్తాడు! ఇక గోల్ పడేటప్పుడైతే నోరే మెదపడు. జనం హోరొక్కటే! ఒళ్లు జలదరిస్తుంది, బాబాయ్!"

"రెండు చెవులతోనూ వింటావా?"

"కుడిది కొన్న వారానికే పోయింది. ఒకటి చాలుగా!"

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. వెలిగిపోతున్న ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

"ఆ మౌనం వదలకు. ఇవాళ కూడా అలాగే చెయ్యి" అన్నాడు.

కుడి చెవికి వెళ్లే ఎర్ర పోగులూ అక్కడే తెగి ఉన్నాయి. ఎర్రవి ఎర్రవాటితో, పచ్చవి పచ్చవాటితో, రాగివి రాగివాటితో మెలేసి, విడివిడిగా టేపు చుట్టాడు. ఆమె పెన్ను అడిగి, అందులో స్ప్రింగు తీసి, అతుకు దగ్గర తీగ మళ్లీ వంగకుండా తొడిగాడు. ఎడమది ఆమెకిచ్చి, కుడిది తన చెవిలో పెట్టుకున్నాడు. పిన్ను గుచ్చి మెల్లగా తిప్పుతూ అన్నాడు:

"వస్తోంది, వస్తోంది, వస్తోంది... ఇదిగో, వచ్చేసింది!"

"వచ్చేసింది! మా గురువు బతికాడు!" అని ఆమె కేక పెట్టింది.

ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు. రెప్పల కింద తడి. లైటరు పొగ కాబోలనుకుంది ఆమె.

"తర్వాతి వాళ్లు రండి!" లోపలి నుంచి పిలుపు. ఆమె వంతే.

"ఇటివ్వండి, బాబాయ్!"

"ఒక్క నిమిషమమ్మా. గోల్ దాకా..."

"వచ్చాక పూర్తిగా వినిపిస్తాలెండి!"

ఆయన చెవిలోంచి తీసేసుకుని పరుగందుకుంది. ఆ కంగారులోనూ తీగ పట్టి లాగలేదు.

లోపల తెర మీద మాటల్లేని మ్యాచ్. చెవుల్లో జనం హోరు. వాగుడుకాయ విజృంభించింది. మాటలతో బంతి వెంట పరుగెత్తింది. గోల్ పడగానే నోరు మూసేసింది.

పరీక్ష పెట్టిన మేడమ్ కుర్చీలోంచి లేచింది.

"పొద్దుట్నుంచీ అందరూ అరుపులే అరుపులు. అక్కడ ఊరుకునే ధైర్యం నీకెవరు నేర్పారు?"

"మా గురువు, మేడమ్!"

"సోమవారం నుంచి వచ్చెయ్."

ఎగిరి గంతేసి బయటికొచ్చింది. మొదట ఆ బాబాయ్‌కే చెప్పాలి! మాటిచ్చింది కూడా.

బెంచీ ఖాళీ. గేటు దాకా పరుగెత్తింది. అక్కడా లేడు. ఆమెకు మనసు చివుక్కుమంది.

సరే, గురువుకైనా చెబుదామని ప్లేయర్ పెట్టింది. ఆయన చెవిలోంచి తీసుకున్న చోటు నుంచే మొదలైంది. ఈసారి రెండు చెవుల్లోనూ.

"ఏమంటారు?" అని అడిగాడు ఎడమ చెవిలో గురువు.

కుడి చెవిలో ఎవరో జవాబు చెప్పారు.

ఆమె కాళ్లు ఆగిపోయాయి.

వాన. ఆఖరి నిమిషం. గురువు ఊరుకున్నాడు. మూడేళ్లుగా ఆమె మొక్కిన ఆ మౌనంలోంచి, కుడి చెవిలో, కాస్త బొంగురు గొంతొకటి ఆనందంతో ఎగిసింది.

"వస్తోంది, వస్తోంది, వస్తోంది... ఇదిగో, వచ్చేసింది!"