కాటమయ్య నాలుక

పొద్దున తాటిచెట్లు ఎక్కి దిగి వచ్చినప్పటి నుంచి కాటమయ్యకు కాలు ఒకచోట నిలవడం లేదు. గీత కత్తి నూరాడు. నూరిందే మళ్లీ నూరాడు. వాకిట్లోకి పోయాడు, లోపలికి వచ్చాడు. అంబలి ముంత వైపు కన్నెత్తి చూడలేదు.

"జర తిను" అంది భార్య నర్సింగమ్మ.

"తింటే నాలుక చెడుతది."

"నలభై ఏండ్ల సంది ఏ కల్లు ఏ తాటిదో చెప్పుకుంటొచ్చిన నాలుక. ఇయ్యాల కొత్తగ చెడుతదా? ఊకె ఫికర్ జేసి నువ్వే దాన్ని ఎండబెడుతున్నవ్."

ఫికర్ చేయక ఏం చేస్తాడు? ఆలేరు స్టేషన్ అవతల కొత్తగా లేస్తున్న నూలు మిల్లుకు ఇంజను షెడ్డు కట్టాలట. ఊళ్లో అంత జాగా ఉండగా అది పోయిపోయి కాటమయ్య గీసే ఏడు తాళ్ల మీదే పడింది. నరకడానికి గుర్తుగా ఏడింటికీ సున్నం పూసి పోయారు. తాత గీసిన తాళ్లు, తండ్రి గీసిన తాళ్లు. అవి కూలితే కాటమయ్య ఇంటి పొయ్యి కూడా కూలినట్టే.

షెడ్డు ఎక్కడ వేయాలో చెప్పేది ఇంజను బిగించడానికి వచ్చిన జర్మనీ దొర. మూడు రోజుల కింద కాటమయ్య గుండె చిక్కబట్టుకుని పోయి ఆయన ముందు నిలబడ్డాడు. ఇలాంటి కల్లు జిల్లాలో మరెక్కడా దొరకదన్నాడు. ఒక్క గుక్క చాలు, ఏది ఎక్కడి నుంచి దిగిందో చెప్పేస్తానన్నాడు. భయంలో మనిషికి గొప్పలు ఎక్కువ వస్తాయి. మిల్లు మేనేజరు రఘుపతి ఆ మాటలన్నీ ఇంగ్లీషు చేసి దొరకు వినిపించాడు.

దొరకు తాగుడంటే ఇష్టం. తాగేదంటే గౌరవం కూడా. చాలాసేపు ఆలోచించి ఒక మాట అన్నాడు.

"ఐతారం నాడు రెండు రకాలు తాపిస్తడట" అన్నాడు రఘుపతి. "రెండూ దేంతోని అయినయో సరిగ చెప్తే షెడ్డు ఇరవై గజాలు అవతలికి జరుపుతడట. ఒక్కటి తప్పినా తాళ్లు కొట్టుడే."

ఆ ఆదివారం ఇదే.

దొర బంగళా వరండాలో కల్లు లొట్లు ఉంటాయనుకుని పోయిన కాటమయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. బల్ల మీద రెండు నల్లటి సీసాలు. తీగతో బిగించిన పింగాణీ బిరడాలు. పక్కన ముంతల్లాంటి రాతి మగ్గులు.

"జర్మనీ బీరు" అన్నాడు రఘుపతి, అది తన సొంత సొమ్మయినట్టు. అతను కల్లును ఈనాటి వరకు నాలుకకు తాకనీయని మనిషి. "మస్తు కడక్ ఉంటదట. మెల్లగ తాగు."

దొర మొదటి సీసా వంచాడు. నురుగు మగ్గు అంచు దాటి లేచింది. కాటమయ్య అలవాటు కొద్దీ రెండు చుక్కలు నేలకు వదిలి గుక్క పట్టాడు. చిక్కగా ఉంది. గొంతు దిగాక కడుపులో సెగ రాజుకుంది. కళ్లు మూసుకుని నాలుకను అంగిట్లో రెండు సార్లు తిప్పాడు.

"చెట్టుది గాదు దొరా, గింజది. జొన్న గాదు, మక్క గాదు. గోధుమ. నానేసి, మొలకొచ్చినంక ఎండబెట్టిన్రు. అరటిపండు వాసనొస్తుంది, లవంగం వాసనొస్తుంది. గానీ అవి ఏసినయి గావు. పులిసేటప్పుడు తనంత తానే వచ్చిన వాసన."

రఘుపతి ఇంగ్లీషు చేస్తుంటే దొర కళ్లు పెద్దవయ్యాయి. కుర్చీలోంచి లేచి కాటమయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు. ఒకటి గెలిచాడు.

దొర రెండో సీసా తీశాడు. ముందు రఘుపతికి, తర్వాత కాటమయ్యకు పోశాడు.

రఘుపతి తాగి మూతి తుడుచుకున్నాడు. "వాహ్. గిదే అసలు సరుకు. మొదటిదానికి తాత."

కాటమయ్య ఒక గుక్క తాగాడు. మగ్గు కింద పెట్టాడు. మళ్లీ ఎత్తి ఇంకో గుక్క తాగాడు. నుదుటి మీద చెమట పట్టింది. కండువాతో తుడుచుకున్నాడు, అయినా పట్టింది. దొర మొహం చూశాడు. రఘుపతి మొహం చూశాడు. కంచె అవతల తాళ్ల మీద సున్నం గీతలు ఎండకు తెల్లగా కనబడుతున్నాయి. నోటి దాకా వచ్చిన మాట వెనక్కి పోయింది.

"ఏమైంది? చెప్పు" అన్నాడు రఘుపతి.

"చెప్త సారూ. జర ఆగుండ్రి."

పిలిచి పోసినవాడి ముందు పోసినదాన్ని తక్కువ చేయకూడదని అతని తండ్రి పెట్టిన కట్టుబాటు. పైగా పోసింది దొర. ఎంత మర్యాదగా, ఎంత ఆశగా చూస్తున్నాడు. ఈ ఒక్క మాట మీదే ఏడు తాళ్లు నిలబడి ఉన్నాయి. కాటమయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇది గూడ గోధుమదే దొరా" అన్నాడు చివరికి. "మొదటిదానికన్న పాతది, మంచిది. గిసొంటిది మా దిక్కు ఏ చెట్టూ ఇయ్యది."

"గెలిచినవ్ పో" అని రఘుపతి అతని వీపు తట్టి, దొర వైపు తిరిగి హుషారుగా చెప్పాడు.

దొర నవ్వలేదు. రెండో సీసా అందుకుని అడుగున మిగిలింది తన మగ్గులోకి వంచుకుని చివరి చుక్క దాకా తాగాడు. కంచె అవతలికి ఒకసారి చూసి, మెల్లగా రెండు మాటలు అన్నాడు. ఆయనకూ బాధగానే ఉన్నట్టుంది. రఘుపతి కాటమయ్య వీపు మీది చెయ్యి తీసేశాడు.

"ఆ రెండో సీసల బీరు పోయిన నెలనే అయిపోయిందట కాటమయ్యా, ఇయ్యాల పొద్దుగాల నువ్వు దించిన నీ తాళ్ల కల్లునే దొర మనిషిని పంపి తెప్పించి అండ్ల పోసి పెట్టిండట."