వేరుశనగ చేలో కాపలా పెట్టె

వెల్దుర్తి పక్క వేరుశనగ చేలో అడవిపందుల్ని బెదరగొట్టడానికి తౌఫీక్ ఒక పెట్టె బిగించాడు. లోపల అరచేతిలో పట్టేంత కంప్యూటరు, కెమెరా, స్పీకరు; రాత్రిళ్లు చేలో కరెంటు ఉండదు గనక బ్యాటరీ. ఎదురుగా ఏదైనా కదిలితే చాలు, తౌఫీక్ గొంతే "హోయ్! ఎవర్రా అది?" అని అరుస్తుంది.

కానీ బ్యాటరీ అర్ధరాత్రి దాకా కూడా ఆగడం లేదు. ఎన్ని మార్చినా అంతే. ఈ రాత్రి తిట్టుకుంటూ వచ్చి, ఉన్నవాటిలో పెద్దది తగిలించాడు. తగిలించీ తగిలించగానే పెట్టె చేను వైపు అరవడం మొదలుపెట్టింది. ఆపితే ఒట్టు. టార్చి వేసి చూశాడు. మోకాలెత్తు లేని పైరు. ఆకు కదలడం లేదు.

చేను యజమానురాలు వెంకటరమణమ్మకి ఫోన్ చేశాడు.

"పిన్నీ, ఏమీ లేకపోయినా అరుస్తుంది. బ్యాటరీ అయిపోదా మరి!"

"ఏందిరా నీ సోది? రోజూ రాత్రి అదే గోల. చానా విసుగ్గా ఉంది, పీకి పారెయ్!"

ఆమె ఫోన్ పెట్టేసింది. అదే క్షణంలో పెట్టె కూడా నోరు మూసింది. చేను నిశ్శబ్దమైపోయింది.

"ఇప్పుడేమైందే నీకు?" అంటూ పెట్టెని తన వైపు తిప్పుకున్నాడు.

"హోయ్! ఎవర్రా అది?"

తను కదిలినందుకే అనుకున్నాడు. ఊపిరి బిగబట్టి, కొయ్యలా నిలబడ్డాడు.

"హోయ్! ఎవర్రా అది?"

వీపు వెనక చిన్న చప్పుడైనా లేదు. పెట్టె మాత్రం అరుస్తూనే ఉంది. పెద్ద బ్యాటరీ. తెల్లవార్లూ వస్తుంది.