జ్వరం బిళ్ళ

మందుల షాపులో నా ముందున్న వడ్రంగి బిళ్ళల అట్టను వెనక్కి నెట్టాడు. అతని చొక్కా చేతుల మీద ఇంకా రంపపు పొట్టు ఉంది.

"నడుం నొప్పంటే జ్వరం బిళ్ళ ఇస్తావేంటమ్మా? మా ఆవిడ ఒళ్ళు చల్లగానే ఉంది."

"డాక్టరు గారు చీటీలో రాసింది ఇదే అన్నా," అంది షాపు అమ్మాయి. "వదినది లివర్ జబ్బు. నొప్పుల బిళ్ళ వేస్తే కడుపులో రక్తం కారే ప్రమాదం ఉంది. ఇది నొప్పికీ పనిచేస్తుంది. ఆయన రాసిన లెక్క మాత్రం దాటకూడదు."

"తలుపు కిర్రుమంటే కిటికీకి నూనె రాసినట్టుంది నీ వైద్యం. మనిషి మంచం దిగలేకపోతోంది. ఆ నొప్పుల బిళ్ళే ఇవ్వు. లేదంటే వేరే షాపుకి పోతా."

అమ్మాయి కదల్లేదు. అతను నావైపు తిరిగాడు.

"చదువుకున్నవారు, మీరు చెప్పండి మాస్టారూ. జ్వరం లేనిదానికి జ్వరం బిళ్ళేంటి?"

ఏడాది కిందట, లివర్ జబ్బుతోనే ఉన్న మా ఆవిడ మందుల కోసం వెళ్ళి నేనూ సరిగ్గా ఈ మాటే అన్నాను. ఆ షాపతను నా మీద గౌరవంతో బిళ్ళ మార్చి ఇచ్చాడు. ఆ సంగతే వడ్రంగికి చెప్పాను.

"మరి ఆవిడకి నొప్పి తగ్గిందా?" అన్నాడు ఆశగా.

"తగ్గింది. హాయిగా ఉందని కూడా అంది. నాలుగో రోజు రక్తం కక్కుకుని పోయింది."

అతను నెట్టేసిన అట్టను మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత రోజుకెన్ని వెయ్యాలో చెప్పమని అమ్మాయిని అడిగాడు.

వాళ్ళమ్మ జబ్బు ముదిరి చనిపోయిందనే మా పిల్లలు ఇప్పటికీ అనుకుంటున్నారు.