ఎనిమిదో కవరు

పాల డబ్బుల కవరు విప్పిన స్టోర్‌కీపరుకి ఏం చేయాలో పాలుపోలేదు. అందులో నోట్లకు బదులు చీటీ ఉంది. గుమ్మంలో పాలాయన చెయ్యి చాపుకుని నిలబడ్డాడు.

"ఏమేవ్! పాలకని పెట్టిన ఎనిమిదొందల నలభై ఏదీ?" ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"చీటీ ఉందిగా, చదువుకోండి," అంది భార్య వంటింట్లోంచి.

నెలాఖరు కాబట్టి మొగుడూపెళ్లాల పందెం తేలేదీ ఇవాళే. బడ్జెట్ ఎవరివల్ల తప్పితే వాళ్లు నెల రోజులు అంట్లు తోమాలి. ఫ్యాక్టరీ గోడౌన్లో చీటీ లేనిదే మేకునైనా కదలనివ్వని ఈ మహానుభావుడు, ఒకటో తారీఖున ఖాతా పుస్తకం, కాలిక్యులేటరు, నాలుగు రంగుల పెన్నులు, ఓ రబ్బరు స్టాంపు తెచ్చి జీతాన్ని ఏడు కవర్లలో సర్దాడు. ఎవరు ఎందులోంచి తీసినా చీటీ పెట్టాలన్నాడు. రోజూ సాయంత్రం ఒక చేత్తో టీ తాగుతూ రెండో చేత్తో చీటీల మీద టపటపా స్టాంపు గుద్దేవాడు.

పాల చీటీ చదివాడు: 'కరెంటు కవరుకి ఇచ్చాను.'

కరెంటు కవరు ముట్టుకోగానే షాక్ కొట్టింది. 'బిల్లు కట్టాం. ముందే ఎనిమిదొందల నలభై గ్యాస్ కవరుకి ఇచ్చినందువల్ల తక్కువపడితే పాల కవరు ఆదుకుంది.'

గ్యాస్ కవరులో ఉన్నది గాలీ, ఇంకో చీటీ: 'ఇందులోవి అనుకోని ఖర్చుల కవరుకి ఇచ్చాను.'

"సార్, నన్ను కూడా ఏదో ఒక కవర్లో పెట్టేస్తారా?" అన్నాడు పాలాయన, కాళ్లు మార్చి నిలబడుతూ.

"ఉండవయ్యా, దొంగ దొరికే వేళయింది!"

ఎనిమిదో కవరు అదే. అందులో అతను పైసా పెట్టలేదు. 'నేనుండగా ఈ ఇంట్లో అనుకోని ఖర్చా!' అని మీసం మెలేసి, ఖాళీ కవరునే అంటించి పెట్టాడు.

ఇప్పుడది చింపి ఉంది.

"దొరికిపోయావ్! ఏం కొన్నావ్? చీరా? గాజులా? మర్యాదగా ఒప్పుకో, రేపట్నుంచి గిన్నెలు తళతళలాడాలి!"

భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేను రెండో తారీఖునే రాసి పెట్టానండీ. మీరు చూశారు కూడా."

"చూస్తే ఊరుకుంటానా? నా కన్ను కప్పి మేకు కూడా కదలదు!"

"అయితే పైకి చదవండి. పాలాయన కూడా వింటాడు."

స్టోర్‌కీపరు గొంతు సవరించుకున్నాడు. "'మీరు అప్పు పెట్టి తెచ్చిన ఖాతా పుస్తకం, కాలిక్యులేటరు, నాలుగు రంగుల పెన్నులు, రబ్బరు స్టాంపు... షాపాయన ఇంటికొచ్చి అడిగితే ఇచ్చాను. ఎనిమిదొందల...'"



"వంటింట్లో పీచూ సబ్బూ పెట్టానండీ," అంది భార్య.

"ఆగు! ఇది లెక్కలోకి రాదు! దీన్ని నేనసలు ఒప్పుకోలేదు!"

పాలాయన మెడ సాచి, చీటీ అడుగున ఎర్రగా, గుండ్రంగా ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాడు: "'సరిచూసి... ఆమోదించడమైనది.'"